పాస్‌బుక్‌లో మూడో గడి

ఒడిశాలోని రాయగడ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర మా మావయ్య తన ఫోనులో పీఎఫ్ (భవిష్య నిధి) పాస్‌బుక్ తెరిచి నా చేతిలో పెట్టాడు. "బాబూ, ఇది సూడు. మొదటి రెండు గళ్లకీ వడ్డీ పడింది. మూడో గడికి పైసా పడ్నేదు. ఎవుడో తినేస్తన్నాడు" అన్నాడు.

మావయ్యది పార్వతీపురం పక్క పల్లె. పదిహేనేళ్లుగా కొండ దాటి వచ్చి రాయగడ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్నాడు. నేను ఇదే ఊళ్లో ఒక లేబర్ కాంట్రాక్టరు ఆఫీసులో జీతాల లెక్కలు రాస్తాను. ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్ చలానా, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చలానా కట్టడం నా పని. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. తెలుగులో అడుగుతారు, ఒడియాలో అడుగుతారు, కువీ మాట్లాడే కోంధు కుర్రాళ్లు రెండూ కలిపి అడుగుతారు. సారాంశం ఒక్కటే: జీతంలో విరిచిన డబ్బు ఎక్కడికి పోతోంది?

ఎవరూ తినెయ్యడం లేదు. కానీ ఆ జవాబుతో మనిషి నమ్మడు, ఎందుకంటే పాస్‌బుక్ చూస్తే అనుమానం రావడమే సహజం. కటింగ్ ఒక్కటిగా కనిపిస్తుంది. లోపల అది వేర్వేరు కుండల్లో పడుతుంది, ఒక్కో కుండ ధర్మం ఒక్కోలా ఉంటుంది. ఒకటి మన సొంత హుండీ. ఒకటి ఊరందరి ఉమ్మడి గాదె. ఇంకొకటి ఆపద వస్తేనే తెరుచుకునే పెట్టె. హుండీని అడగాల్సిన ప్రశ్న గాదెను అడిగితే మోసం జరిగినట్టే ఉంటుంది.

లెక్క సులువుగా ఉండేందుకు బేసిక్, డీఏ కలిపి నెలకు 12,000 అనుకుందాం. అలవెన్సులు ఏమీ లేవు. ఇందులోంచి పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,440 రూపాయలు కట్ అవుతాయి. ఈఎస్‌ఐ కింద 0.75 శాతం, 90 రూపాయలు. చేతికి 10,470 వస్తాయి. కార్మికుడి కంటికి కనబడేది ఇంతవరకే. స్లిప్పులో కనబడని సగం యజమానిది. పీఎఫ్‌కి అతనూ 12 శాతం, మరో 1,440 కట్టాలి. ఈఎస్‌ఐకి 3.25 శాతం, 390. ఉద్యోగి చనిపోతే కుటుంబానికి ఇచ్చే బీమా కోసం 0.5 శాతం, 60. నిర్వహణ ఖర్చులకు మరో 0.5 శాతం, 60. అంటే 12,000 జీతం మీద యజమాని విడిగా పెట్టేది 1,950. పెన్షన్ కోసం కేంద్ర ప్రభుత్వం కూడా 1.16 శాతం వేస్తుంది, ఈ జీతం మీద నెలకు 139 రూపాయలు. చిన్న మొత్తమే, ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇప్పుడు గళ్ల సంగతి. మన 12 శాతం మొత్తం మొదటి గడిలో పడుతుంది. యజమాని 12 శాతం మాత్రం రెండుగా చీలుతుంది. 3.67 శాతం, 440 రూపాయలు, రెండో గడిలోకి. 8.33 శాతం, 1,000 రూపాయలు, మూడో గడిలోకి. మొదటి రెండూ హుండీ. మన పేరు మీద ఉంటాయి, ఏటా వడ్డీ పడుతుంది (2023-24కీ, 2024-25కీ 8.25 శాతం ఇచ్చారు), చివరికి పైసాతో సహా మనకే వస్తాయి. మూడో గడి గాదె. అందులో మన పేరు మీద వేసినట్టు కనిపించే అంకె మన నిల్వ కాదు, గాదెలో మన తరఫున ఎంత పోశారో చెప్పే గుర్తు మాత్రమే. నిల్వ కాని దానికి వడ్డీ ఎలా పడుతుంది?

1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1952లో చట్టమైనప్పుడు ఈ పీఎఫ్ పథకంలో గాదె లేనే లేదు, హుండీ ఒక్కటే. హుండీలో ఒక లోపం ఉంది. రిటైరయిన రోజున డబ్బంతా ఒక్కసారిగా చేతికొస్తుంది. కూతురి పెళ్లి, పాత అప్పు, ఇంటి మీద మరో గది అయ్యేసరికి రెండేళ్లలో ఖాళీ. మనిషి మాత్రం ఇంకో పాతికేళ్లు బతుకుతాడు. ఇంటి యజమాని పోతే మిగిలినవాళ్లకు నెలనెలా కొంత అందాలని 1971లో కుటుంబ పెన్షన్ పథకం వచ్చింది. దాని స్థానంలో 1995 నవంబరు 16 నుంచి ఇప్పటి ఉద్యోగుల పెన్షన్ పథకం నడుస్తోంది. మూడో గడి అప్పటిది.

ఈ గాదె ధర్మమే అన్నిటికన్నా తిరకాసు, కొంచెం నెమ్మదిగా చూడాలి. ఇక్కడ ఎంత పోశామన్నది కాదు, ఎన్నేళ్లు పోశామన్నది లెక్క. సూత్రం ఇది: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. వచ్చింది నెలనెలా పెన్షన్. 58 ఏళ్లు నిండాలి, పదేళ్ల సర్వీసు ఉండాలి. ఇరవై ఏళ్లు దాటి, 58 నిండాక తీసుకునేవాళ్లకు రెండేళ్లు కలిపి లెక్కిస్తారు. 12,000 సగటుతో పాతికేళ్లు చేసినవాడికి 27 ఏళ్ల లెక్కన 4,629 వస్తుంది. పదేళ్లు చేసినవాడికి 1,714. జీతం ఎంతున్నా ఈ లెక్కలో 15,000కి మించి చూడరు. 2014 సెప్టెంబరు దాకా ఆ పరిమితి 6,500 ఉండేది. అందుకే పెద్ద జీతగాళ్ల పాస్‌బుక్‌లో కూడా మూడో గడిలో నెలకు 1,250 దాటి కనిపించదు. ఎక్కువ జీతం మీద ఎక్కువ పెన్షన్ కోసం నడిచిన కేసులు 2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లాయి. పన్నెండు వేల జీతగాడికి ఆ గొడవతో పనిలేదు.

ఆ 8.33 ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? నూటిని పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. అంటే ఏడాది పొడుగునా మూడో గడిలో పడేది సరిగ్గా ఒక నెల జీతం. పదేళ్లు నిండకముందే మానేసి "నా పెన్షన్ డబ్బు నాకిచ్చెయ్యండి" అని ఫారం 10సీ పెడితే, ఏడాదికి దాదాపు ఒక నెల జీతం చొప్పున చేతికిస్తారు. ఆరేళ్లు చేసినవాడికి 72,000 అటూ ఇటూగా వస్తుంది. వెనక్కి తీసుకోకుండా ఉంచి, తర్వాత ఎక్కడో పదేళ్లు పూర్తిచేస్తే అవే ఆరేళ్లు అతని పెన్షన్‌కి నెలకు 1,028 రూపాయలు కలుపుతాయి. 72,000ని 1,028తో భాగించి చూడండి. 70 వస్తుంది. సూత్రంలో ఉన్న 70 అదే. అంటే 58 దాటాక ఐదేళ్ల పది నెలలు బతికితే వెనక్కి తీసుకోదగ్గ డబ్బంతా వచ్చేసినట్టు, ఆపైన బతికిన ప్రతి నెలా లాభం. ఈ లోగా ఆ 72,000కి బ్యాంకు వడ్డీ పోయింది కదా అంటారు, నిజమే. కానీ పెన్షన్ లెక్కకట్టేది ఇప్పటి జీతం మీద కాదు, చివరి ఐదేళ్ల జీతం మీద. పైగా అతను పోయాక భార్యకి అందులో సగం వస్తూనే ఉంటుంది.

మరి ఆ లాభం ఎక్కడి నుంచి వస్తుంది? గాదెలోంచే. తొందరగా పోయినవాళ్లు పోసింది, నిల్వ మీద వచ్చిన వడ్డీ, ప్రభుత్వం వేసే ఆ 1.16 శాతం, అన్నీ కలిసి ఎక్కువ కాలం బతికినవాళ్ల చేతికి చేరతాయి. హుండీకీ సామాజిక బీమాకీ తేడా ఇదే. అమెరికాలో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ సోషల్ సెక్యూరిటీకి ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు, ఇవాళ పనిచేసేవాళ్లు కట్టింది చాలావరకు ఇవాళ్టి ముసలివాళ్ల పెన్షన్‌కే పోతుంది. మనవాళ్లు హుండీనీ గాదెనూ పక్కపక్కన పెట్టారు. మంచి ఆలోచనే. రెండిటికీ ఒకే పాస్‌బుక్ ఇచ్చి, తేడా ఎవరూ విడమర్చి చెప్పకపోవడమే తిప్పలు తెచ్చింది.

గాదె బలం తెలియాలంటే ఆపద వైపు నుంచి చూడాలి. ఒక్క నెల చందా పడిన కార్మికుడు ఉద్యోగంలో ఉండగా చనిపోయినా భార్యకి వితంతు పెన్షన్ వస్తుంది, కనీసం 1,000. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా కొంత వస్తుంది. ఆ 60 రూపాయల బీమా సంగతి వేరే. 12,000 జీతగాడు ఏడాది ఆగకుండా పనిచేసి పోతే, జీతానికి 35 రెట్లు, అంటే 4,20,000, దానిపైన పీఎఫ్ నిల్వలో సగం దాకా కలుస్తుంది. గరిష్ఠం 7 లక్షలు. దీనికి కార్మికుడి జీతంలో ఒక్క రూపాయి కట్ కాదు. మా ఆఫీసుకు వచ్చే విధవరాళ్లలో ఈ బీమా ఉందని తెలిసి వచ్చినావిడ నాకు ఇంతవరకూ తగల్లేదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కనీస పెన్షన్ 1,000 అన్నది 2014 సెప్టెంబరు నాటిది. ధరలు పెరిగినా పెన్షన్ దానంతటది పెరిగే ఏర్పాటు ఈ పథకంలో లేదు. పాతికేళ్లు పోసిన గాదెలోంచి వచ్చే 4,629 పదేళ్ల తర్వాత ఏ మూలకి? పెన్షనర్ల సంఘాలు రోడ్డెక్కడంలో న్యాయం ఉంది.

ఇక ఆ 90 రూపాయలు. ఈఎస్‌ఐది పూర్తిగా వేరే ధర్మం. బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1948లో చట్టం వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ మొదలైంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఇందులో ఎవరి ఖాతా వారికి ఉండదు, అసలు పాస్‌బుక్కే లేదు. జబ్బు చెయ్యనివాడి డబ్బు జబ్బు చేసినవాడికి పోతుంది. "పదేళ్లు కట్టాను బాబూ, ఒక్క మాత్ర తీసుకోలేదు, నాకేటి లాభం?" అంటాడు ఒకడు. లాభం అదే, మాత్ర అవసరం పడకపోవడం.

2019 జులై దాకా కార్మికుడి వాటా 1.75, యజమానిది 4.75 శాతం ఉండేది. తగ్గించి 0.75, 3.25 చేశారు. వైద్యం ఉద్యోగంలో చేరిన రోజు నుంచే కుటుంబానికంతటికీ ఉంటుంది. పనిలో ప్రమాదం జరిగితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. దానికి ఇన్ని రోజులు కట్టి ఉండాలన్న షరతు లేదు. డ్యూటీకి వస్తూ పోతూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా 2010 సవరణతో ఇందులో చేర్చారు, ఆ ప్రయాణం పనికోసమేనని తేలాలి. పార్వతీపురం నుంచి తెల్లవారుజామున బండి మీద ఘాటీ దిగి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మామూలు జబ్బుతో పనిలోకి రాలేకపోతే మాత్రం షరతు ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, దానికి ఫలం వచ్చే జనవరి నుంచి జూన్ దాకా. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి, దానికి ఫలం జులై నుంచి డిసెంబరు దాకా. ఒక కాలంలో 78 రోజుల చందా పడితేనే దాని ఫలం కాలంలో జబ్బు భత్యం, జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. మన వైపు వాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. కోతలకని నవంబరులో ఊరెళ్లి, సంక్రాంతి ముగించుకుని జనవరి నెలాఖరుకి తిరిగొచ్చినవాడు మార్చిలోపు 78 రోజులు నింపడం కష్టం. అప్పుడు తెలియదు. ఆగస్టులో మలేరియాతో పడిపోయి భత్యం అడిగినప్పుడు తెలుస్తుంది. ఎప్పుడో శీతాకాలంలో వేసిన విత్తనం వానాకాలంలో మొలవలేదని అప్పుడు ఎవరిని తిట్టాలి?

సరిహద్దు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పీఎఫ్‌కి రాష్ట్రాల గట్లు లేవు. బరంపురం ప్రాంతీయ కార్యాలయం కింద నడిచిన ఖాతా విశాఖ వైపు పనిలోకి మారినా అదే నంబరుతో సాగుతుంది. ఈఎస్‌ఐలో డబ్బు కేంద్రం చేతిలో ఉన్నా, డిస్పెన్సరీలూ చాలా ఆసుపత్రులూ రాష్ట్ర ప్రభుత్వాలు నడుపుతాయి. వైద్యం ఖర్చులో ఎనిమిదో వంతు రాష్ట్రానిది. కార్మికుడికి డిస్పెన్సరీ ఇక్కడ ఉంటుంది, జేకేపూర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. భార్యా పిల్లలు ఉండేది ఆంధ్రాలో. కుటుంబానికి వేరే చోట డిస్పెన్సరీ ఎంచుకునే వీలుంది, కానీ పేరు నమోదు చేసేటప్పుడు ఆ గడి నింపేవాళ్లు తక్కువ. కాంట్రాక్టరు గుమాస్తా అన్నిటికీ రాయగడే నొక్కేస్తాడు. గుమాస్తా అంటే నేనే. మొదటి రెండేళ్లు నేనూ అలాగే నొక్కాను.

ఇంకో గుమాస్తా పాపం పేర్లది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకి చివర. మనం వెంకటరమణ అంటే వాళ్ల చేతిలో అది బెంకటరమణ అవుతుంది, ఆ పలుకుబడి అలాంటిది. ఆధార్‌లో ఒక అక్షరం, పీఎఫ్‌లో ఒక అక్షరం ఉంటే క్లెయిము తిరిగొస్తుంది. ఒకప్పుడు దీన్ని సరిచేయాలంటే యజమాని సంతకంతో జాయింట్ డిక్లరేషన్ తప్ప దారిలేదు. ఆ కాంట్రాక్టరు బోర్డు తిప్పేసి ఎప్పుడో పోయుంటాడు. ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ (ఎక్కడ పనిచేసినా మారని పీఎఫ్ నంబరు) ఉన్నవాళ్లు చాలా సవరణలు తామే ఆన్‌లైన్‌లో చేసుకునే వెసులుబాటు 2025లో వచ్చింది. ఈ పదేళ్లలో వచ్చిన మార్పులన్నిటిలోకీ నా లెక్కన ఇదే గొప్పది.

యజమాని వాటా ఎవరి జేబులోంచి వస్తుందన్నది పాత తగాదా. చట్టం స్పష్టంగానే ఉంది: తన వాటాను జీతంలోంచి విరవకూడదు. అయినా "రోజుకి ఇంత, పీఎఫ్ రెండు వైపులదీ అందులోనే" అని ముందే మాట్లాడుకునే మేస్త్రీలను నేను చూశాను. ఆ మాట చెల్లదు. చెల్లదని చెప్పుకోవడానికి స్లిప్పు ఉండాలి కదా, అదే ఇవ్వరు. రెండో విద్య ఇంకా నాజూకైనది. 12,000 జీతాన్ని 6,000 బేసిక్‌గా చూపించి, మిగతాది హాజరు భత్యం, ఉతుకుడు భత్యం అని పేర్లు పెడతారు. చందా సగానికి పడిపోతుంది. చేతికి నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయి గనక కార్మికుడూ సంతోషిస్తాడు, పెన్షన్ సగమైపోయిన సంగతి పాతికేళ్లకు గానీ తెలియదు. అందరికీ ఒకేలా ఇచ్చే భత్యాలు బేసిక్‌లో భాగమేనని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో మినహాయింపు భత్యాలు (వేతనంలో కలపనివి) మొత్తం జీతంలో సగం దాటితే, దాటినదంతా వేతనంగానే లెక్కించాలన్న నిర్వచనం ఉంది. సరిగ్గా సగం దగ్గర ఆపే గుమాస్తాలు ఇప్పటికే తయారై ఉంటారు, నా అనుభవం అది.

కాంట్రాక్టరు కట్టకుండా ఎగ్గొడితే ఆ భారం అసలు కంపెనీ మీద పడుతుంది, పీఎఫ్‌లోనూ ఈఎస్‌ఐలోనూ. కంపెనీ కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. జీతంలో విరిచి జమ చెయ్యకపోవడం బాకీ కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం. అందుకే పెద్ద కంపెనీలు చలానా కాపీ చూపించందే కాంట్రాక్టరు బిల్లు పాస్ చెయ్యవు. మా ఆఫీసులో ప్రతి నెలా 15వ తేదీ నాటి హడావుడి అంతా చట్టం మీద భక్తితో కాదు, ఆ బిల్లు మీద భక్తితో.

టీ చల్లారిపోయింది. మావయ్యకి ఈ కథంతా చెప్పలేదు, మూడో గడి ఏమిటో మటుకు చెప్పాను. తర్వాత అతని సర్వీసు లెక్క తీశాం. మొదటి కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ల రెండు నెలలు. అది 2016లో పనిలేని రోజుల్లో పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బూ తీసేసుకున్నాడు. పెన్షన్ కింద వచ్చింది దాదాపు ముప్పై వేలు, ఇంటిమీద రేకులు వేయించాడు. ఆ రేకులు ఇప్పటికీ ఉన్నాయి, ఆ నాలుగేళ్లు లేవు. రెండో కాంట్రాక్టరు దగ్గర మూడేళ్ల ఐదు నెలలు, ఇప్పటి కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఈ రెంటికీ మధ్య యూఏఎన్ ఒక్కటే, అదృష్టం. కలిపితే ఎనిమిదేళ్ల ఒక నెల.

"పదేళ్లంటే ఇంకా రెండేళ్లు నాగాలా? యాభై అయిదు వచ్చీసినాయి బాబూ."

ఆరు నెలలు, ఆపైన ఉంటే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు మావయ్యా, తొమ్మిదేళ్ల ఆరు నెలలు నిండితే చాలు, అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదిహేడు నెలలు.

"ఈలోపల కాంట్రాక్టరు మారిపోతే?"

"మారినా పరవాలేదు. కొత్తవాడు నీకు కొత్త నంబరు చేస్తానంటే ఒప్పుకోకు. ఇదే నంబరు చూపించు."

నంబరు పన్నెండు అంకెలూ అగ్గిపెట్టె వెనక రాయమన్నాడు. అగ్గిపెట్టె ఎన్నాళ్లుంటుంది అని నవ్వితే, జేబులోంచి ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరు తీసి, దానిమీద రాయించుకున్నాడు.